చివర్లో కూర్చునే జాలరి

ఆయన చేసిన జాలరి బొమ్మ కడుపు విప్పి, లోపలున్న స్ప్రింగునీ ఇత్తడి పళ్ళ చక్రాలనీ తీసి పారేసి, కరెంటు మోటారు పెట్టారు. అద్దాల పెట్టెకి ఒక పలక తగిలించారు: "అలుపెరుగని జాలరి". దాని కింద బొమ్మనిచ్చిన దాత పేరు ఉంది. చేసినవాడి పేరు లేదు. పొద్దున్న తలుపులు తీసింది మొదలు సాయంత్రం మూసేదాకా ఆ జాలరి వల తాడు లాగుతూనే ఉంటాడు. ఒకప్పుడు లాగడం అయ్యాక కూర్చునేవాడు. ఇప్పుడు కూర్చోడు. వాడు మళ్ళీ కూర్చుంటే చూడాలని జాలరిపేటలో ఒకామె ఎదురుచూస్తోంది.

ఇది తప్పు. పొరపాటు అనను. పొరపాటైతే చెప్పాక దిద్దుకుంటారు.

విశాఖపట్నం బీచ్ రోడ్డులో ఒక ప్రదర్శనశాలలో ఈ తప్పు జరిగింది. దాని పేరు రాయను. రాస్తే పరువు పోయిందని కోర్టుకి లాగుతారు, ఈ మోకాళ్ళతో నేను కోర్టు మెట్లు ఎక్కలేను. బొమ్మ చేసినవాడి పేరు కూడా రాయను. అది భయంతో కాదు. ఆయన ఏ బొమ్మ మీదా తన పేరు చెక్కుకోలేదు. "గడియారం మీద కంపెనీ పేరుంటాదండి. మనిషి మీద ఎవడైనా పేరు చెక్కుతాడా?" అనేవాడు. ఆయన చెక్కుకోని పేరు నేను అచ్చు వేయిస్తే ఒప్పుకోడు. అంచేత ఆయన అనే రాస్తాను.

నా సంగతి కొంచెం చెప్పాలి. పోర్టులో కళాసీగా ఓడల్లో బస్తాలు మోసి, తర్వాత గుంపుకి మేస్త్రీనయ్యాను. బడికి పోలేదు. బస్తాల మీద అచ్చు కొట్టిన అక్షరాలు కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను. నాకు అఆలంటే గోధుమ, ఎరువు, సిమెంటు. ఆ తర్వాత దొరికిన కాగితమల్లా చదివాను. నా రాతలో నయం తక్కువ, కోపం ఎక్కువ. చదివేవాళ్ళు సర్దుకోవాలి.

వన్ టౌన్‌లో ఒక పాత సామాన్ల కొట్టుండేది. నేను అక్కడ పాత పత్రికల కట్టలు వెతుక్కునేవాణ్ణి. ఒకరోజు వెళ్ళేసరికి ఇస్త్రీ చొక్కా వేసుకున్న మనిషొకడు నేల మీద గొంతుకూర్చుని, చచ్చిపోయిన గోడ గడియారం ఒకటి ఒళ్ళో పెట్టుకుని, స్క్రూడ్రైవరు మొన దాని నడుముకి ఆనించి, పిడిని పళ్ళతో కరిచి పట్టుకుని ఉన్నాడు. కళ్ళు మూసుకున్నాడు.

"ఏటి బాబూ, ఆకలేత్తందా? పక్కన ఇడ్లీల బండుంది," అన్నాను.

నోట్లో పిడి తీయకుండానే ఊరుకోమన్నట్టు చెయ్యెత్తాడు. కాసేపయ్యాక కళ్ళు తెరిచి, "ఇది చావలేదండి. అలిగింది," అన్నాడు. చెవితో వింటే బజారు చప్పుడంతా వినిపిస్తుందట, పళ్ళతో వింటే గడియారం ఒక్కటే వినిపిస్తుందట. నన్ను కూడా కరవమన్నాడు. వేరొకడి ఎంగిలి పిడి నేనెందుకు కరుస్తాను? కానీ కరిచాను. దవడ ఎముకలో ఎక్కడో సన్నగా టిక్కుమంది. అంతే, ఆ రోజు నుంచి ఆయన నాకు బావ, నేను ఆయనకి మేస్త్రీగారు.

ఆయనది గోదావరి వైపు. స్టీల్ ప్లాంటులో ఉద్యోగానికని వచ్చి, పెందుర్తిలో ఒక కాలనీ చివర ఇల్లు తీసుకున్నాడు. ఇల్లంటే ముందు గది మనుషులకి, వెనక రేకుల షెడ్డు బొమ్మలకి. మనుషుల గదిలో కుర్చీ ఒక్కటే ఉండేది. చేతికి వాచీ పెట్టుకోగా ఎప్పుడూ చూడలేదు. మొలతాడుకి మాత్రం తాళంచెవులు గుత్తిగా వేలాడేవి, ఒక్కో బొమ్మకీ ఒక్కో చావి. నడుస్తుంటే గలగలమనేది. కాలనీలో ఆడవాళ్ళు "గజ్జెల మావయ్య వస్తన్నాడే" అని నవ్వేవారు. ఆయన వినపడనట్టు వెళ్ళేవాడు. మంచివాడే గానీ పొగరు చాలా. షెడ్డులో ఏది ముట్టుకున్నా కసిరేవాడు. బొమ్మ ఆడుతున్నంతసేపూ బొమ్మని చూడడు, మన మొహం చూస్తాడు. బొమ్మ ఆగిన వెంటనే మనం నోరెత్తి బాగుందన్నామా, మొహం గంటు పెట్టుకునేవాడు. ఆగాక కొంచెంసేపు మాట్లాడకూడదు. అది ఆయన షెడ్డు చట్టం.

ఆయన బొమ్మలన్నిటికీ ఒక గుణముండేది. అన్నీ పనిచేసేవే, అన్నీ చివర్లో మానేసేవే. బట్టలుతికే ఆవిడ ఆఖరి బట్ట పిండి, నడుం మీద చెయ్యేసుకుని నిలబడుతుంది. నన్ను చూసి చేసిన కళాసీ బొమ్మ ఓడకి వేసిన చెక్క మీదుగా బస్తా ఎక్కించి, దింపి, మెడ తుడుచుకుంటాడు. ఆ తుడుచుకోవడం అచ్చం నాలాగే ఉండేది. మా ఆవిడ చూసి, "మీ కుళ్ళు తువ్వాలొకటి తక్కువ," అంది. మామూలు కీ బొమ్మలు స్ప్రింగు అయిపోతే ఎక్కడున్నవి అక్కడ బిగుసుకుపోతాయి. ఆయన బొమ్మలు అలా కాదు. స్ప్రింగులో ఆఖరి బలాన్ని దాచిపెట్టి, ఆ కాస్త బలంతో బొమ్మ విశ్రాంతి తీసుకునేట్టు చేసేవాడు. ముందు చేసే పనంతా ఆ ఆఖరి కదలికకి దారి. నెలల తరబడి కష్టపడేది దాని కోసమే.

ఎందుకింత పట్టుదల అని అడిగితే ఒకసారి చెప్పాడు.

"మా ఫర్నేసు ఒకసారి వెలిగించాక ఆపకూడదండి. ఆపితే లోపలిదంతా గడ్డకట్టి అదే పోద్ది. అంచేత దాన్ని ఆపరు, మనుషుల్ని మారుస్తారు. ఏ షిఫ్టు, బీ షిఫ్టు, సీ షిఫ్టు."

"మరి తప్పేటుంది బావా? ఉక్కు కావాలి గదా."

"తప్పని ఎవరన్నారండి? ఉక్కు అలాగే వస్తాది. ఇంటికొచ్చాక మాత్రం ఏదో ఒకటి ఆగేది చూడాలనిపిస్తాది నాకు."

రోజుకి ఒక బొమ్మకి ఒక్కసారే చావి ఇచ్చేవాడు. అందులో రాజీ లేదు. ఒకసారి ఆయన పైఆఫీసరు భార్యతో, బంధువులతో కారులో దిగాడు. నేనక్కడే ఉన్నాను. కళాసీ బొమ్మ ఆడింది, మెడ తుడుచుకుంది, ఆగింది. అందరూ చప్పట్లు కొట్టారు, అప్పుడే ఆయన మొహం మాడింది. ఆఫీసరు, "ఇంకొక్కసారి వెయ్యవయ్యా, మావాళ్ళు సరిగా చూడలేదు," అన్నాడు.

"దీని పని ఇవాళ్టికి అయిపోయిందండి. రేపు రండి."

"బొమ్మే కదయ్యా!"

"ఆయ్, బొమ్మేనండి. అందుకే అది అడగలేదు, మీరడిగారు."

కారు టీ తాగకుండానే వెళ్ళిపోయింది. "ఏటి బావా ఇది, ఉద్యోగం ఉంచుకోవా?" అంటే, "ఇంకొక్కసారి అనడం లోకానికి బాగా అలవాటైపోయిందండి మేస్త్రీగారూ," అని బొమ్మ మీద గుడ్డ కప్పాడు. ఆ తర్వాత ఆయనకి రావలసిన ప్రమోషను వేరేవాడికి వెళ్ళింది. దీనివల్లే అని నేను రాయను. రాయనంతే.

బొమ్మలు కాక ఆయనకి ఇంకో పిచ్చి ఉండేది. నోటితో ఒక ఊరు కట్టాడు. దాని పేరు చావి పట్నం. ఫిషింగ్ హార్బరు గేటు ఎదుట టీ కొట్టు బల్ల మీద కూర్చుని, ఏ షిఫ్టు దిగి వచ్చిన రోజుల్లో ఆ ఊరి కథలు చెప్పేవాడు. అది మన విశాఖపట్నమే. కాకపోతే అక్కడికి బొగ్గు రాలేదు, డీజిలు రాలేదు, కరెంటు రాలేదు. అంతా స్ప్రింగే. యారాడ కొండ లోపల డొల్ల. ఆ డొల్లలో తాటిచెట్టంత ఎత్తు ఉక్కు పట్టీ ఒకటి చుట్ట చుట్టుకుని ఉంటుంది. పొద్దున్నే ఇంటికొక మనిషి వెళ్ళి పెద్ద చక్రం మీద చెయ్యి వేయాలి, కలెక్టరైనా కళాసీ అయినా. అందరూ కలిసి చావి ఇస్తే ఆ రోజుకి ఊరు నడుస్తుంది. రేవులో క్రేన్లు ఉండవు, ఇత్తడి కొంగలుంటాయి. మెడ వంచి ఓడలోంచి బస్తాని ముక్కుతో ఎత్తి ఒడ్డున పెడతాయి. ఓడల వెనక చుక్కాని పక్కనే చావి ఉంటుంది. చావి సగం అయ్యేదాకానే ఓడ ముందుకు వెళ్ళాలి, మిగతా సగం ఇంటికి రావడానికి. ఆశపడి ముందుకి పోయిన ఓడలు నడిసముద్రంలో ఆగిపోయి ఉంటాయట. వాటి చావుల మీద పక్షులు గూళ్ళు పెడతాయట. ఇదంతా పాత క్యాలెండరు కాగితాల వెనక పెన్సిలుతో గీసి చూపించేవాడు. కొంగ మెడలో పళ్ళ చక్రాలు కూడా లెక్క తప్పకుండా గీసేవాడు.

ఇత్తడి చక్రాల లోకాల మీద కథలు రాసేవాళ్ళూ బొమ్మలు వేసేవాళ్ళూ పై దేశాల్లో గుంపుగా ఉన్నారని ఆయన పోయాక ఎవరో చదువుకున్నాయన నాతో అన్నాడు. ఆయనకి ఆ సంగతి తెలుసో లేదో నాకు తెలియదు. తెలిస్తే ముందడిగే ప్రశ్న మాత్రం నాకు తెలుసు: వాళ్ళ ఊళ్ళు సాయంత్రానికి ఆగుతాయా?

నాకూ ఆయనకీ కొంగల మీద పెద్ద తగాదా అయింది. అప్పటికే రేవులో పెద్ద పెద్ద యంత్రాలు దిగి మా గుంపులు పలచబడుతున్నాయి.

"నీ కొంగలు బస్తాలెత్తీస్తే మా పొట్టలేటి కావాలి? కథలో కూడా మమ్మల్ని తీసీసినావా బావా?" అన్నాను. గట్టిగానే అన్నాను. టీ కొట్టువాడు గ్లాసులు దూరంగా జరిపాడు.

ఆయన తన పెన్సిలు గీతలు చూసుకున్నాడు. "కొంగకి సాయంత్రం ఆగడం తెలుసండి. మీ రేవులో క్రేనుకి తెలీదు. ఆగడం తెలిసినదాని పక్కన మనిషి బతకగలడు," అన్నాడు. నాకు ఆ జవాబు సరిపోలేదు. ఇప్పటికీ సరిపోలేదు. కాకపోతే పక్కరోజు తెచ్చిన కాగితంలో ప్రతి కొంగ పక్కనా ఒక కళాసీ నిలబడి ఉన్నాడు, కొంగ మెడ మీద చెయ్యేసి.

ఇక పోలమ్మ సంగతి.

పోలమ్మ జాలరిపేట మనిషి. చేపల గంప నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగి అమ్మేది, మా టీ కొట్టు దగ్గరా ఆగేది. మొగుడు నూకరాజు ఒడ్డున పెద్దవల లాగే గుంపులో ఆఖరివాడు, అంటే తాడు చివర పట్టేవాడు. ఆ గుంపులో ఒక కట్టుబాటుంది. వల ఇసక మీదకొచ్చాక తాడు చివర పట్టినవాడు కూర్చునేదాకా చేపని ఎవరూ ముట్టుకోకూడదు. వాడు కూర్చున్నాకే పంపకం. ఆడవాళ్ళు గంపలు పట్టుకుని కుడివైపు నిలబడి ఉంటారు. నూకరాజు ముందు ఎడమ మోకాలు దింపి, తర్వాత నెమ్మదిగా కూర్చుని, తల తిప్పి పెళ్ళాం వైపు చూసేవాడు. అప్పుడామె గంప ఎత్తుకునేది. బావ ఆ తీరానికి వెళ్ళిన ప్రతిసారీ చేపల కోసం కాకుండా ఆ కూర్చోవడం కోసం నిలబడేవాడు.

తర్వాత ఒడ్డు వల గిట్టుబాటు కాక నూకరాజు మరబోటు ఎక్కాడు. హార్బరులో పద్ధతి వేరు. బోటు వస్తుంది, సరుకు వేలానికి దిగుతుంది, ఐసు ఎక్కుతుంది, మళ్ళీ వెళ్తుంది. ఒకసారి వచ్చినవాణ్ణి ఇంటికి కూడా పోనివ్వకుండా అదే బోటుకి మనిషి తక్కువయ్యాడని మళ్ళీ ఎక్కించారు. నిలబడే నిద్రపోయాడని, విప్పిన తాడు కాలికి చుట్టుకుని నీళ్ళలోకి లాగిందని, తోటివాళ్ళు వచ్చి చెప్పారు. శవం దొరకలేదు.

పోలమ్మ అదే మాట పట్టుకుంది. "సచ్చిపోనాడంటే సచ్చిపోనాడు బాబూ. సముద్రం మీద బతికీవోలం, మాకు తెల్దా? కూకోకండా పోనాడు. అది నా కడుపులోంచి పోదు."

బావ ఆ మాట విన్నాడు. షెడ్డులోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. సెలవు దొరికినప్పుడల్లా అదే పని. మొదటి బొమ్మ తయారయ్యాక నన్నూ పోలమ్మనీ పిలిచాడు. మోచెయ్యంత ఎత్తు చెక్క మనిషి. ఒకదాని తర్వాత ఒకటి చేతులు మార్చి తాడు లాగుతున్నాడు, భుజం తిరుగుతోంది, నడుం వెనక్కి వంగుతోంది. చివర్లో తాడు సడలి, కూర్చున్నాడు. పోలమ్మ బుగ్గ మీద వేలు పెట్టుకుని చూసింది.

"మా మావ కాదు."

"ఏం, ఎందుక్కాదండి?" ఆయనకి కోపమొచ్చింది. ఆయన బొమ్మని కాదన్నవాళ్ళు అంతవరకు లేరు.

"మా మావ ఇలగ దబీమని కూకోడు. ఎడం మోకాలు ముందు దించుతాడు. ఇసక ఎలాగుందో సూసుకోడా ఏటి? నువ్వు కూకోబెట్టినోడు సినిమా హాల్లో కుర్సీ మీద కూకున్నాడు."

ఆయన బొమ్మని విప్పేశాడు. రెండో బొమ్మకి మోకాలు సరిపోయింది గానీ తల సరిగా తిరగలేదు. "అటేపు ఎవులున్నారు? నాను కుడేపు గదా ఉంతాను," అంది. ఆయన మళ్ళీ విప్పాడు. విప్పిన ప్రతిసారీ ఆమె లోపలికి తొంగిచూసేది. "ఓలమ్మా, కడుపు నిండా చక్రాలెట్టీసినావు బాబూ, ఒక్క ముద్ద కూడు పట్టీ సోటు నేదు."

ఆమె వచ్చినప్పుడల్లా గంపలోంచి ఒక చేప తీసి గుమ్మంలో పెట్టేది. ఆయన అది తినేవాడు, తిన్నాక వంకలు పెట్టేవాడు. "మా గోదారి పులస ముందు మీ సముద్రం చేప గడ్డేనండి."

"అయితే ఎల్లి నీ గోదారిలోనే బొమ్మలు సేసుకో. మా మావని ఒగ్గీ."

"ఎలా వదుల్తానండి, తల తిరగందే?"

"తిప్పు మరి బేగి. మాటలు బాగా తిప్పుతావు."

తల తిరిగిన రోజు నేనున్నాను. వర్షాకాలం, రేకుల మీద చినుకులు. నూకరాజు లాగాడు, లాగాడు, ప్రతి లాగుకీ కొంచెం నెమ్మదించాడు. తాడు సడలింది. ఎడమ మోకాలు దిగింది. తర్వాత రెండోది. కూర్చున్నాడు. అయిపోయిందనుకున్నాను. అప్పుడు లోపలెక్కడో ఆఖరి పన్ను జారిన చప్పుడైంది, తల మెల్లగా కుడివైపు తిరిగింది. పోలమ్మ అటువైపే నిలబడి ఉంది. షెడ్డు చట్టం ఆమెకెవరూ చెప్పలేదు, అయినా ఆమె నోరెత్తలేదు. వంగి గంప ఎత్తుకుని, నెత్తిన పెట్టుకుని, వానలోనే వెళ్ళిపోయింది. పంపకం అయినట్టు.

బొమ్మని ఆమె ఇంటికి తీసుకెళ్ళలేదు. ఉప్పుగాలికి చక్రాలు తుప్పు పడతాయని ఆయన భయం, మావ ఇంట్లో కదులుతుంటే నిద్ర పట్టదని ఆమె భయం. నూకరాజు పోయిన రోజు ఏటా వచ్చేది, గంపతోనే. ఆయన మొలతాడులోంచి ఆ చావి తీసి ఆమెకే ఇచ్చేవాడు. వేరెవరి చేతికీ ఆయన చావి ఇవ్వగా నేను చూడలేదు. ఆమె చావి ఇచ్చేది, కుడివైపు నిలబడేది, వాడు చూశాక వెళ్ళిపోయేది. ఏటా అంతే. ఏడవడం నేను చూడలేదు.

ఆయన పోవడం గురించి రాయడానికి పెద్దగా లేదు. ఆ ఒక్క కుర్చీలోనే కూర్చుని పోయాడు. ఎదురింటివాళ్ళు చూసి నాకు కబురు పెట్టారు. తమ్ముడు ఊరి నుంచి వచ్చి కార్యక్రమం చేశాడు. శ్మశానంలో కాటికాపరి పద్ధతి ప్రకారం మొలతాడు తెంపి పక్కన పడేశాడు, తాళంచెవుల గుత్తితో సహా. ఎవరూ దానివైపు చూడలేదు. నేను ఏరి జేబులో వేసుకున్నాను. శవం మీది వస్తువు ముట్టుకున్నావని మా ఆవిడ నన్ను పెరట్లోనే నిలబెట్టి నీళ్ళు పోసింది. పోయనీ.

తమ్ముడు ఇల్లు ఖాళీ చేస్తూ బొమ్మల్ని ప్రదర్శనశాలకి ఇచ్చేశాడు. అన్నగారి పేరు నిలుస్తుందని ఇచ్చానన్నాడు నాతో. పలక మీద నిలిచింది ఎవరి పేరో పైన రాశాను.

ఆ ఏడాది నూకరాజు రోజున నేనూ పోలమ్మా బీచ్ రోడ్డుకి వెళ్ళాం. గంప లోపలికి కుదరదని గుమ్మం దగ్గర కుర్రవాడు ఆపాడు.

"కడిగీసి తెచ్చినాను నాయనా, సేప నేదు, సూడు."

"వాసనొస్తాదమ్మా."

"మరి సముద్రం కూడా వాసనొత్తాది. దాన్నెక్కడెడతావు? ఎదురుగుంటే టిక్కెట్టెట్టి సూపిత్తన్నారు."

నేను గొడవపెట్టుకున్నాక గంపతోనే పంపారు. లోపల చల్లటి గది, గోడల మీద వలలు, శంఖాలు. మధ్యలో అద్దాల పెట్టెలో నూకరాజు. అప్పటికే లాగుతున్నాడు. ముందు వచ్చినవాళ్ళ కోసం చావి ఇచ్చి ఉంటారనుకున్నాం. వాళ్ళకి వేరే చావి ఎక్కణ్ణుంచి వచ్చిందని కూడా నాకు తట్టలేదు. పోలమ్మ వెళ్ళి కుడివైపు నిలబడి, గంప కాళ్ళ దగ్గర పెట్టుకుంది. ఇప్పుడు నెమ్మదిస్తాడు, ఇప్పుడు తాడు సడలుతుంది అని చూస్తున్నాం. జనం వచ్చారు, చూశారు, పోయారు. వేరే జనం వచ్చారు. వాడు నెమ్మదించలేదు. మొదటి లాగు ఎంత చురుగ్గా ఉందో ప్రతి లాగూ అంతే చురుగ్గా ఉంది.

నేను పెట్టె వెనక్కి వెళ్ళాను. వైరు కోసం అక్కడ చిన్న తలుపు తెరిచి ఉంది. చెయ్యి లోపలికి పెట్టి బొమ్మ వీపు తడిమాను. చావి పెట్టే రంధ్రం తగల్లేదు. రంధ్రంలో లప్పం కుక్కి, పైన రంగేశారు. నా జేబులో ఆ చావి ఉంది. దాన్ని పెట్టడానికి చోటు లేదు.

ఇన్‌ఛార్జి చిన్నవాడు, మర్యాదస్తుడు. కుర్చీ వేయించాడు, మంచినీళ్ళు తెప్పించాడు.

"తాతగారూ, బొమ్మలతో పాటు తాళాలు రాలేదండి. వచ్చినా ఎవరు కూర్చుని కీ ఇస్తారు? స్కూలు పిల్లలు బస్సుల్లో వస్తారు. వాళ్ళొచ్చేసరికి ఆగిపోయి ఉంటే బాగుంటుందా?"

"ఆగిపోయి ఉండడు బాబూ. కూకోని ఉంతాడు," అన్నాను.

"రెండూ ఒకటే కదండీ."

"నీకు ఒకటేనా? నువ్వు కుర్సీలో కూకున్నావే, ఆగిపోనావా?"

అతను నవ్వాడు. పెద్దవాళ్ళ మాటలకి చిన్నవాళ్ళు నవ్వే నవ్వు. లోపలి చక్రాలేవని అడిగాను. మోటారు బిగించినవాళ్ళు పాత ఇత్తడి కింద తీసుకుపోయారట.

తిరిగి గదిలోకి వచ్చేసరికి పోలమ్మ అక్కడే ఉంది. "పద, ఎల్దాం," అన్నాను.

"ఎలాగెల్తాను బాబూ? ఇంకా కూకోనేదు. పంపకం అవనేదు."

"కూకోడు పోలమ్మా. ఇంక కూకోలేడు."

ఆమె అద్దానికి మొహం ఆనించి, "కూకో మావా," అంది. మామూలు గొంతుతోనే, ఇంట్లో మనిషితో అన్నట్టు. మళ్ళీ అంది, "సాల్లే, కూకో. కూకోని ఇటు సూడు, ఎల్తాను." పక్కనున్న కుటుంబం నవ్వింది. ఒకాయన ఫోటో తీశాడు.

నాకు ఒళ్ళు మండింది. గోడ దగ్గరికి వెళ్ళి ప్లగ్గు పీకేశాను.

నూకరాజు ఆగాడు. కూర్చోలేదు. లాగడం మధ్యలో, నడుం వెనక్కి వంగి, ఒక చెయ్యి ముందుకీ ఒక చెయ్యి గుండెకీ ఉండగా, తాడు బిగిసి ఉన్నట్టే బిగుసుకుపోయాడు. ఆ రోజు బోటు మీద ఎలా ఉన్నాడో మాకెవరికీ తెలియదు. అది చూశాక తెలిసినట్టయింది. పోలమ్మ రెండు చేతులతో నా చెయ్యి పట్టుకుంది.

"వద్దు బాబూ, మల్లీ ఎట్టీ. అలగుంచీకు. దానికన్నా లాగనీ. లాగనీ, నీకు దండవెడతాను."

నా చేత్తోనే ప్లగ్గు మళ్ళీ పెట్టాను. వాడు ఎక్కడ ఆగాడో అక్కణ్ణుంచే లాగడం మొదలుపెట్టాడు. కాపలావాళ్ళు వచ్చి మమ్మల్ని బయటికి తీసుకొచ్చారు. పోలమ్మ గంప లోపలే మర్చిపోయింది. ఎవరో బయటికి విసిరారు.

ఆమె ఆ తర్వాత వీధుల్లో చేపలమ్మడం మానేసింది. పొద్దున్నే తీరానికి వెళ్తుంది, గంప పట్టుకుని నిలబడుతుంది, ఖాళీ గంపతో ఇంటికొస్తుంది. తీరానికి పోవద్దు, మేం కూడు పెడతామని ఇంట్లో కోడలు అంటే వింటుంది గానీ, "ఎత్తుకోమని ఆడు సూడాల గదే," అంటుంది.

నేను అర్జీ పెట్టాను. బొమ్మని మళ్ళీ స్ప్రింగుతో నడిచేట్టు చేయించమన్నాను. అంత కుదరకపోతే ఏడాదికి ఒక్క రోజు, ఒక్కసారి, ఒకామె ఎదుట కూర్చునేట్టు చేయమన్నాను. చావి నా దగ్గరుందని, పట్టుకొచ్చి ఇస్తానని రాశాను. చేసినవాడు ఆ కూర్చోవడం కోసమే బొమ్మ చేశాడని, అది తీసేస్తే బొమ్మలో మిగిలేది చెక్క మాత్రమేనని రాశాను. జవాబు రాలేదు. మళ్ళీ రాశాను. స్వయంగా వెళ్ళి కమిటీలో పెద్దమనిషిని కలిశాను, చూస్తామన్నారు. ఎండలో, వానలో, పోలమ్మ అడిగినప్పుడల్లా, "రాసినాను, వస్తాది," అంటూ వచ్చాను. చివరికి మొన్న పోస్టులో వచ్చింది, ముద్ర వేసి, సంతకం చేసి. పోలమ్మకి చదవడం రాదు. చదివి వినిపించమని నా ఎదుట కూర్చుంది. ఇంకా వినిపించలేదు. అందులో ఉన్నది ఇది:

"అయ్యా, మీ అర్జీలు పరిశీలించడమైనది. సదరు బొమ్మను మా సిబ్బంది తనిఖీ చేయగా, ప్రదర్శన వేళలలో ఎచ్చటనూ ఆగక సక్రమముగా పనిచేయుచున్నట్లు తేలినది. చివరలో కూలబడిపోవుట అను లోపము మోటారు అమర్చిన నాడే సరిచేయబడినది. అట్టి లోపము ఇకమీదట ఎన్నడూ తలెత్తదని మీకు హామీ ఇవ్వడమైనది."